కళ్లద్దాల బావ సూది

ఏమ్మా, మళ్ళీ మొరాయించిందా నీ కారు? నాకు ఇక్కడికి వినపడుతూనే ఉంది లే. కిర్రు కిర్రుమని తిప్పుతున్నావు, అది పలికితేగా. రా, ఇట్లా వచ్చి కూర్చో, ఆ కుర్చీలో పేపర్లు కింద పడెయ్. బుడ్డోడు పడుకున్నాడా? ఆయాసం తగ్గిందా? పొద్దున వాడి డొక్కలు ఎగిరెగిరి పడుతుంటే నాకు ముద్ద దిగలేదనుకో. సర్లే, తగ్గింది కదా, అది చాలు. ఇంతకీ మెకానిక్ ఏమన్నాడు? ఏం లేదన్నాడా? అంటాడు. వాళ్ళెప్పుడూ అదే మాట. వచ్చి ఏం చేశాడో చెప్పు. బ్యాటరీ చూశాడు, ప్లగ్గులు తీసి తుడిచాడు, ఆఁ, తర్వాత? మీటరు ముల్లు పని చెయ్యదు కాబట్టి పెట్రోలు ఉందో లేదోనని ట్యాంకు మూత తీసి చూశాడా. తీశాక స్టార్టయిందా? ఒక్క తిప్పుకేనా? ఆగు. ఒక్క నిమిషం ఆగమ్మా. నువ్వు ఇక్కడికి రాకముందు ఎప్పుడైనా ఇట్లా చేసిందా ఇది? లేదూ? ఈ ఇంటికొచ్చాకేనా మొదలు? అమ్మడూ, లేచి ఆ తలుపు కాస్త దగ్గరికి వెయ్యి. గడియ పెట్టకు, చప్పుడవుతుంది. మీ నానమ్మ పడుకునే ఉందా? మొహం గోడ వైపే ఉందా? సరే, వచ్చి కూర్చో. చెప్తా, విను. నీకిది చెప్పాల్సి వస్తుందని నేను కల్లో కూడా అనుకోలేదు.

మీ తాత గురించి నీకేం తెలుసు చెప్పు? ఆఁ, అదే, కళ్లద్దాల షాపు, పిరికివాడు, బండి సంగతి పట్టించుకోకుండా కూతుర్ని పోగొట్టుకున్నాడు. మీ నానమ్మ చెప్పిందేగా. ఈ ఇంట్లో అందరికీ తెలిసింది అంతే. పిరికివాడన్నది మాత్రం అక్షరాలా నిజం. అబ్బో, మా బావ లాంటి పిరికి మనిషిని నేను మళ్ళీ చూళ్ళేదు. షాపుకి తాళం వేసి నాలుగడుగులు వేశాక మళ్ళీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాడు. కుక్క కనపడితే సందు మార్చేసేవాడు. నిచ్చెన ఎక్కమంటే నిచ్చెన కాళ్ళు నలుగురి చేత పట్టించేవాడు. మేం ఆటపట్టిస్తే, నవ్వేసి "భయపడేవాడికి ముందు జాగ్రత్త ఉంటుంది రా బావమరిదీ" అనేవాడు. అట్లాంటి మనిషికి మా అక్క, అదే మీ నానమ్మ, దొరికింది. ఈమెకి ఆయన భయం చాలక తన భయం ఒకటి. ఇద్దరూ కలిసి ఆ ఇంటిని ఒక డబ్బాలాగా చేసి పెట్టారు. నీకు తెలియదు, అప్పట్లో ఆ ఇంట్లోకి వెళ్తే గాలి ఆడేది కాదు. కిటికీ సందుల్లో గుడ్డ పేలికలు కుక్కేది మా అక్క. తలుపు కింద గోనెపట్టా. వంటింట్లో ఏ డబ్బా చూసినా మూత లోపల పాత సైకిలు ట్యూబు గుండ్రంగా కత్తిరించి అంటించి ఉండేది. ఆ పని మాత్రం ఎంత నాణ్యంగా చేసేదో! వాసన బయటికి రాకూడదు, పొగ లోపలికి రాకూడదు, దుమ్ము పడకూడదు. ఎందుకంటావా? మీ పెద్దత్త కోసం. హాల్లో ఫోటోలో రెండు జడలతో ఉంటుంది చూడు, ఆ పిల్ల కోసం. దాన్ని మేం పిచ్చుక అనేవాళ్ళం, ఒకచోట నిలిచేది కాదు. కానీ ఏ ఘాటు తగిలినా ఆయాసం వచ్చేసేది. వచ్చిందంటే పెదాలు నీలంగా మారిపోయేవి, పీలుస్తుంటే గొంతులో ఈల వేసినట్టు చప్పుడు. నేను టెలిఫోన్ ఆఫీసులో చెవులకి ఫోను తగిలించుకుని కూర్చునే ఉద్యోగం కదా, వందల గొంతులు విన్నాను, ఆ ఈల మాత్రం ఇప్పటికీ చెవిలోంచి పోలేదు.

మందు ఎక్కించాలంటే పెద్దాసుపత్రికే పోవాలి. అది ఊరికి దూరం, మధ్యలో ఇటుక బట్టీలు, బీడు భూములు, మనిషి కనపడడు. అందుకని, సైకిలు తొక్కడానికే భయపడే మా బావ ఒక పాత కారు కొన్నాడు, డ్రైవింగ్ నేర్చుకున్నాడు. స్టీరింగు పట్టుకుంటే వేళ్ళు తెల్లబడిపోయేవి, అంత గట్టిగా పట్టుకునేవాడు. నేర్పింది నేనే లే. గేరు మార్చమంటే దణ్ణం పెట్టి మార్చేవాడు! సరే, ఏం చెప్తున్నాను? ఆఁ, కారు. ఆ కారుకి ట్యాంకు వెనక ఉండేది, వెనక సీటుకి దగ్గర్లో. నిండా పోయిస్తే కుదుపుకి మూత బెజ్జంలోంచి చిమ్మి వాసన కొట్టేది. ఆ వాసనకి పిల్ల దగ్గేది. మా అక్క ఒకరోజు కత్తెర తీసుకుని, ట్యూబు ముక్క మూత కొలతకి కత్తిరించి, పంక్చర్లకి వాడే జిగురుతో లోపల అంటించేసింది. అంతే, వాసన మాయం. పిల్ల వెనక సీట్లో కూర్చుని కేరింతలు. మా బావ మురిసిపోయాడు. "మంచి పని చేశావు" అన్నాడు. నేనూ అన్నాను. బంకులో పెట్రోలు పోసేవాడు కూడా మూత తిప్పి చూసి, "ఎవరయ్యా చేసింది, భలే బిగుతుగా ఉంది" అన్నాడట.

ఆ తర్వాత కొన్నాళ్ళకి మొదలైంది. బండి బాగానే పోతుంది. ఎక్కడో ఆపి మళ్ళీ తాళం తిప్పితే స్టార్టవ్వదు. ఒక్కోసారి పోతూ పోతూనే దగ్గి ఆగిపోతుంది. అన్నిసార్లూ కాదమ్మా, అదే వచ్చిన చిక్కు. వారం పాటు బంగారంలా నడుస్తుంది, అమ్మయ్య అనుకుంటామా, బజారు మధ్యలో మొండికేస్తుంది. మాకొక మెకానిక్ ఉండేవాడు, గొణుగుడు మెకానిక్ అనేవాళ్ళం, తనలో తను ఏదో గొణుక్కుంటూ పనిచేసేవాడు. మంచివాడే. పిలిస్తే వచ్చేవాడు. వచ్చి ముందు ఏం చేసేవాడు? మూత తీసి పుల్ల ముంచి పెట్రోలు చూసేవాడు. "ఊఁ, ఉంది." మూత పెట్టి తాళం తిప్పితే, ఝుమ్మని స్టార్టు! "ఏముందయ్యా దీనికి, నువ్వే భయపడి సరిగ్గా తిప్పలేదు" అనేవాడు మా బావని. చుట్టూ చేరినవాళ్ళు నవ్వేవాళ్ళు. అయినా మా బావ వదల్లేదు. కార్బొరేటర్ విప్పించాడు, పైపులు ఊదించాడు, పంపు కొత్తది వేయించాడు. పట్టించుకోలేదంటారే, ఒట్టి మాట. ఆ బండి కోసం ఆయన పడ్డ పాట్లు నేను చూశాను. తాళం తిప్పే ముందు కళ్ళు మూసుకునేవాడు. మేమూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. స్టార్టయితే బతికాం అనుకునేవాళ్ళం. పిల్లకి కూడా తెలిసిపోయింది, తన రెండు చేతులూ సీటు మీద పెట్టి "లే బండీ, లే" అనేది.

ఆరోజు... మంచినీళ్ళు ఇటివ్వు. ఆరోజు మిట్టమధ్యాహ్నం. పిచ్చుకకి ఎన్నడూ లేనంతగా ఎగపోసింది. నేను ఇంట్లోనే ఉన్నాను. బావ కారు తీశాడు, ముందు సీట్లో నేను, వెనక అక్క ఒళ్ళో పిల్ల. మా అక్క అంది, "బంకు దగ్గర ఆపి ట్యాంకు నిండా పోయించు, దారిలో అయిపోతే నేను తట్టుకోలేను." ట్యాంకు సగం ఉందమ్మా, సరిపోయేది. కానీ భయం కదా. నింపించాం, మూత బిగించాం, బయల్దేరాం. ఇటుక బట్టీల మలుపు దగ్గర బండి ఒక దగ్గు దగ్గింది. ఇంకో దగ్గు. ఆగిపోయింది. బావ తాళం తిప్పుతున్నాడు, కిర్రు కిర్రు కిర్రు, అంతే. నేను దిగి తోశాను. ఎండలో రోడ్డు మీద ఆ మోటారు తిరిగే చప్పుడు, వెనక సీట్లో ఆ ఈల, రెండూ ఒకదాని వెనక ఒకటి వినపడుతున్నాయి. అక్క అరుస్తోంది, "తిప్పు, ఇంకోసారి తిప్పు!" నేను రోడ్డు మీద పరిగెత్తాను, ఎదురొచ్చిన ఇటుకల లారీని చేతులడ్డం పెట్టి ఆపాను. లారీలో ఎక్కించాం. అప్పటికే... ఈల ఆగిపోయిందమ్మా. ఆసుపత్రికి తీసుకెళ్ళాం, వాళ్ళు పరుపు మీద కూడా పడుకోబెట్టలేదు.

మర్నాడు గొణుగుడు మెకానిక్ ఆ బండిని తేవడానికి వెళ్ళాడు. మూత తీశాడు, పుల్ల ముంచాడు, మూత పెట్టాడు, తాళం తిప్పాడు. ఒక్క తిప్పుకే స్టార్టయింది. నడుపుకుంటూ తెచ్చి గేటు ముందు పెట్టాడు. మా అక్క ఆ చప్పుడు విని బయటికొచ్చింది. బండిని చూసింది, బావని చూసింది. "ఇప్పుడు స్టార్టయిందా? అంటే నిన్న నీ చేతులు వణికాయి. లేకపోతే బాగు చేయించకుండా తిప్పుతున్నావు" అంది. ఆ మాట ఆ రోజుతో ఆగలేదు, అన్నం పెట్టేటప్పుడు, పక్క వేసేటప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు.

తర్వాత మీ నాన్న పుట్టాడు. పుట్టిన ఏడాదికే వాడికీ మొదలైంది ఆయాసం. ఆ రోజు మా బావ మొహం చూడాల్సింది నువ్వు. గోడకి చేరబడి కూర్చుండిపోయాడు. మళ్ళీ అదే దారి, అదే బండి. వేరే బండి కొనే తాహతు లేదు. అప్పుడు నా దగ్గరికొచ్చి, "బావమరిదీ, ఇది ఎందుకు ఆగుతుందో నాకు తెలియాలి. తెలియకుండా ఇంకో బిడ్డని ఇందులో ఎక్కించలేను" అన్నాడు. ఇక చూస్కో, రోజూ సాయంత్రం షాపు కట్టేసి ఇద్దరం ఆ దారిన పోయేవాళ్ళం. బండి ఆగిపోవాలని మొక్కుకుంటూ నడిపిన మనుషుల్ని ఎక్కడైనా చూశావా? అది ఆగితేగా! నవ్వుతూ నడిచేది. అడుగూ బొడుగూ పెట్రోలుతో తిరిగేవాళ్ళం కదా, అప్పుడు ఆగదు, అది మాకు తెలియదు. ఒకరోజు బావే అన్నాడు, "ఆరోజు ట్యాంకు నింపాం కదా, ఇవాళా నింపుదాం" అని. నింపాం. నమ్మవు, అదే ఇటుక బట్టీల మలుపు దాటామో లేదో, దగ్గింది. వెనక్కి తిరిగి చూడాలంటే భయం, సీట్లో ఎవరైనా ఉన్నారేమోనని. ఆగిపోయింది.

బావ అన్నాడు, "దేన్నీ ముట్టుకోకు." దిగి ముందు వైపు పంపు దగ్గర పైపు ఊడదీశాడు. నన్ను తాళం తిప్పమన్నాడు. మోటారు తిరుగుతోంది, పంపు కొడుతోంది, పైపులో చుక్క రాలేదు. "ట్యాంకు నిండా ఉంది. మరి దీన్ని రానివ్వకుండా వెనక నుంచి పట్టుకున్నదేమిటి రా?" అన్నాడు. మెల్లగా నడుచుకుంటూ వెనక్కి వెళ్ళాడు. ట్యాంకు మూత మీద చెయ్యి వేశాడు, చెవి దగ్గర పెట్టాడు, కొంచెం తిప్పాడు. ఉస్స్‌స్‌మని లోపలికి గాలి పీల్చుకుందమ్మా ట్యాంకు. ముందు సీట్లో ఉన్న నాకు కూడా వినపడింది. అచ్చం... ఆ ఈలే. ఆ వెంటనే ముందు పైపులోంచి పెట్రోలు బొటబొటా కారింది. నీకు అర్థమవుతోందా? సీసా మూతికి నోరు పెట్టి గాలి పీల్చేస్తే పెదవిని పట్టేస్తుంది చూడు, అదే. ట్యాంకులోంచి పెట్రోలు తగ్గిన కొద్దీ ఆ ఖాళీలోకి గాలి రావాలి. దానికోసమే మూతకి సన్నటి బెజ్జం ఉంటుంది. అది మూసేస్తే పెట్రోలు కదలదు. ట్యాంకులో సగమే ఉంటే పైన ఉన్న గాలితో కాసేపు సర్దుకుంటుంది. నిండా ఉంటే ఆ చోటే లేదు, కాస్త పోగానే బిగిసిపోతుంది. మూత తీయగానే గాలి లోపలికి పోతుంది, మామూలైపోతుంది. అందుకే మెకానిక్ ముందు ఎప్పుడూ స్టార్టయ్యేది. మా బావ ఆ మూత తిరగేసి చూశాడు. చక్కగా, గుండ్రంగా, అంచు ఎక్కడా లేవకుండా అంటించిన రబ్బరు. రోడ్డు మీద కూలబడిపోయాడు. ఏడవలేదు. తర్వాత నా వంక చూసి ఒకే ఒక్క మాట అన్నాడు, "మీ అక్కకి తెలిస్తే బతకదు."

పీకి పారెయ్యొచ్చు కదా అంటావు. నేనూ అదే అన్నాను. "పీకితే ఎందుకు పీకావు అంటుంది. నేను అబద్ధం చెప్తే నా మొహం చూసి పట్టేస్తుంది. అదీకాక రబ్బరు లేకపోతే వచ్చే వాసన పిల్లాడికి పడదు" అన్నాడు. మర్నాడు షాపులో కళ్లజోడు ఫ్రేములకి వాడే సన్నటి సూదిని ఎర్రగా కాల్చి, ఆ రబ్బరులో బెజ్జం పెట్టాడు. ఊరికే గుచ్చితే రబ్బరు మళ్ళీ మూసుకుంటుందట, కాల్చి గుచ్చాలి. మూత బెజ్జానికి సరిగ్గా ఎదురుగా పెట్టాడు, పైకి కనపడదు. అంతే, బండి మళ్ళీ ఆగలేదు. కానీ అక్కడితో అయిపోతేనా! పెట్రోలు తగిలి రబ్బరు ఉబ్బిపోతుంది. ఉబ్బగానే మా అక్క కొత్తది కత్తిరించి అంటించేది, ఎంత శ్రద్ధో. ఎప్పుడు మారుస్తుందో చెప్పదు. ఇక మా బావకి అదే బెంగ. పొద్దున లేవగానే వెళ్ళి మూత తిప్పి చూసేవాడు. ఊరెళ్తే నాకు ఫోను చేసేవాడు, "మూత చూశావా?" అని. లైన్లో నేనే ఉండేవాణ్ణి కదా, నా చెవిలోనే ఆ గొంతు వణికేది. మా అక్క ఒక్కోసారి తనే చెప్పేది, "కొత్త రబ్బరు వేశాను" అని. ఆయన వెంటనే "మంచి పని చేశావు" అనేవాడు, జేబులో సూది తడుముకుంటూ. కాసేపటికే ఆవిడ మళ్ళీ ఎత్తిపొడిచేది, "నువ్వు ఆ రోజే శ్రద్ధగా చూసుకుని ఉంటే నా పిచ్చుక ఉండేది" అని. ఆయన తల వంచుకుని అన్నం కలుపుకునేవాడు. నాకు గొంతుదాకా వచ్చేది. ఒకసారి నోరు తెరిచాను కూడా. ఆయన నా వంక చూసిన చూపుకి మూసేశాను. కుక్కకి భయపడే మనిషమ్మా ఆయన! ఆ మాటలన్నీ పోయేదాకా మోశాడు. మీ నాన్న ఆ బండిలో ఎన్నిసార్లు ఆసుపత్రికి వెళ్ళొచ్చాడో, ఒక్కసారి ఆగలేదు.

పోయే ముందు నన్ను దగ్గరికి పిలిచి ఒక కళ్లజోడు పెట్టె చేతిలో పెట్టాడు. అప్పటికి ఆ కారూ లేదు, ఏం లేదు. ఎందుకు బావా అంటే, "ఉంచు, ఆవిడ చేతులు ఊరుకోవు" అన్నాడు. నేను నవ్వాను. ఇదిగో, బల్ల సొరుగులో ఉంది, తియ్యి. గుడ్డ కింద చూడు. ఆఁ, అదే సూది. మొన్న వరండాలో మీ నానమ్మ పాత ట్యూబు ముందేసుకుని కత్తెర పట్టుకుని కూర్చుంది. ఏంటక్కా అంటే, డబ్బా మూత వదులైంది అంది. నేనూ ఊరుకున్నాను. ఇప్పుడు నువ్వు చెప్తుంటే... కొత్త బండ్లకైతే గాలికి వేరే దారి ఉంటుందట, నీదేమో మీ నాన్న ఇచ్చిన పాతది. నిన్న బుడ్డోణ్ణి చూపించడానికి బయల్దేరేటప్పుడు ట్యాంకు నింపించావా? ఎవరు నింపించమన్నారు? ఊఁ. భయపడకు. లేవకు, ముందు విను. సూదిని కొవ్వొత్తి మీద కాల్చు, బండికి దూరంగా, మూత విడిగా తీసుకెళ్ళి. మూత బెజ్జానికి సరిగ్గా ఎదురుగా రబ్బరులో గుచ్చు. రోజూ చూడు, ఇక్కడున్నన్నాళ్ళూ రోజూ. ఆవిడని మాత్రం ఏమీ అడగ... ఎవరూ?

అక్కా! లేచావా? ఏం లేదు, ఊరికే, దీని బండి స్టార్టవ్వట్లేదంటే బావ సంగతి చెప్తున్నాను. ఆఁ. అవునక్కా. అవును, బావది అశ్రద్ధే, ఎవరు కాదన్నారు. బాగు చేయించి ఉంటే పిచ్చుక ఉండేది. నువ్వేం చేస్తావు, నీ చేతిలో ఏముంది. ఏంటీ? పెట్రోలు వాసనకి బుడ్డోడు దగ్గుతున్నాడని నువ్వే వేశావా, రబ్బరు? అమ్మడూ, కళ్లజోడు పెట్టె తీసుకుని నువ్వెళ్ళు, వాడు లేస్తాడు. వెళ్ళమ్మా. రా అక్కా, ఇట్లా కూర్చో. మంచి పని చేశావు. చాలా మంచి పని చేశావక్కా.